ఇంట్ల తీయగూడని రాగం

మా దిక్కు పిల్లలు ఏడుపు మొదలుపెడితే "రాగం తీయకు" అంటరు. చిన్నప్పటి సంది వింటున్న మాటే. సంగీతంల ఎమ్మే చేసి, రాగం అంటే ఆరోహణ, అవరోహణ, జీవస్వరం అని పరీక్షల పేజీలకు పేజీలు రాసి, ఇంటికొచ్చి నా బిడ్డను "ఊకె రాగం తీయకు, అన్నం తిను" అని గద్దించిన దాన్ని నేను. ఈ రాగం ఆ రాగం ఒక్కటే మాట అని నాకు తట్టలే. జర ముందుగాల తట్టి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది.

మాది వరంగల్ మట్టెవాడల గాజుల దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు. మా మామ పోయినప్పటి సంది గల్లా మీద అత్తమ్మే కూసుంటది. మా ఆయన నౌకరికి పోతడు. నేను హన్మకొండల ఒక ప్రైవేటు స్కూల్ల మ్యూజిక్ టీచర్ను. మ్యూజిక్ టీచర్ అంటే ఏందంటే, పరీక్షలు దగ్గరికొచ్చినయంటే లెక్కల సారు వచ్చి "మేడం, మీ పీరియడ్ జర నాకిస్తరా" అంటడు. మనం నవ్వుకుంట ఇయ్యాలె. లోపల ఎంత మండుతాన్నా సరే.

ఇగ ఊర్ల ఏ సభ అయినా ప్రార్థన గీతానికి నన్నే పిలుస్తరు. పాట అయిపోంగనే ఒక శాలువ కప్పి స్టేజీ దింపుతరు. అసలు సభ అప్పుడు షురువైతది. మా మామ బతికున్నన్ని రోజులు ప్రతి సభకు వచ్చేటోడు. ఎనుక వరుసల, తలుపు పక్కన కూసునేటోడు. నా పాట కాంగనే లేసి దుకాణానికి పోయేటోడు. మంత్రి మాట్లాడుతున్నా సరే, ఆగేటోడు కాదు. "నేనొచ్చిన పని అయిపాయె" అనేటోడు.

పాడుడు నాకు ఇష్టమే, అబద్ధమెందుకు. కాని పాడి దిగిపోవుట్లనే నా బతుకు ఒడుస్తదేమో అని కోపమొచ్చేది. పాట గురించి నేను కూడ ఒక మాట మాట్లాడాలె, నలుగురు కూసొని వినాలె అని ఉండేది. ఈ మాట ఎవలకన్న చెప్తే నవ్వుతరని మా ఆయనకు తప్ప ఎవలకు చెప్పలే. పీహెచ్డీ చేస్తనని మాత్రం ఇంట్ల అందరి ముందట్నే అన్న.

"సదివితే ఏమైతవు?" అన్నది అత్తమ్మ.

"డాక్టర్ అంటరు అత్తమ్మా."

"ఏ దవాఖానల కూసుంటవు?"

"దవాఖాన కాదు. సంగీతంల డాక్టర్."

"అంటే గొంతు నొస్తే నీ కాడికి రావాల్నా?" అని, గాజులు కొన వచ్చినోళ్ళకు కూడ అదే చెప్పి నవ్వించింది. నేను మూతి ముడుచుకొని లోపలికి పోయిన. మా ఇంట్ల ఎవలన్న కొత్త పని మొదలుపెడితే ముందుగాల నవ్వుతరు, తర్వాత సాయం చేస్తరు. ఆ తర్వాత భాగం వచ్చేదాంక ఓపిక పట్టుడే కష్టం.

యూనివర్సిటీల నేను చేయాలనుకున్న పనికి గైడ్‌గ ఉండగల్గిన మేడం ఒక్కరే. ఆమె కాడ ఒక్కటే సీటు మిగిలింది. రిటైర్మెంట్ దగ్గర పడ్డది కాబట్టి దాని తర్వాత ఆమె ఎవర్నీ తీసుకోరు. అంటే ఈ సీటు పోతే నా పీహెచ్డీ పోయినట్టే. ఈ ఒక్క సంగతి పొద్దుగాల పండ్లు తోముకుంటుంటే కూడ నా నెత్తిల తిరిగేది.

మొదటి ఏడాది నేను రాసుకపోయిన సినాప్సిస్ చూసి మేడం కండ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిన్రు. నేను మా దిక్కు పేరున్న ఒక పెద్ద గాయకుని మీద రాసిన. గానగంధర్వుడు, సంగీత సరస్వతి ముద్దుబిడ్డ, ఓరుగల్లు గడ్డ గర్వించదగ్గ మాణిక్యం. సభలల్ల ఇన్నేండ్లు విన్న మాటలన్నీ దించిన.

"ఇది సన్మాన పత్రం అమ్మా," అన్నరు మేడం. "ఫ్రేమ్ కట్టించి ఆయనకు ఇవ్వు, సంతోషిస్తారు. ఇందులో ప్రశ్న ఏది?"

"ప్రశ్న అంటే మేడం?"

"నీకు తెలియనిది. తెలుసుకోకపోతే నీకు నిద్ర పట్టనిది. ఎమ్మేలో మేము చెప్పింది నువ్వు మళ్ళీ మాకు చెప్పావు, మార్కులు వేశాం. ఇక్కడ ఎవరూ చెప్పనిది నువ్వు అడగాలి."

నాకు నెత్తి మీద నీళ్ళు గుమ్మరిచ్చినట్టయింది. సభల్ల తిరిగి తిరిగి, సంగీతం గురించి రాయాలంటే పొగడాలె కాబోలు అనుకున్న. ఈ తప్పు మా ప్రార్థన గీతం బ్యాచోళ్ళే చేస్తరు, ఇంకెవలు చెయ్యరు.

ఆ ఏడాది సీటు కోసం పెట్టిన చెవి పరీక్షల కూడ అదే కథ. ఒక పాట వినిపించి, విన్నది విన్నట్టు స్వరాలల్ల రాయుమంటరు. ఎవలో పొలంల పని చేసుకుంట పాడిన పాట పెట్టిన్రు. నేను చకచక రాసేసిన, అందరికంటే ముందు ఇచ్చేసిన. మస్తుగ రాసిన అనుకున్న. తర్వాత మేడం నా కాయితం చూపించి, "ఆమె తాళంలో లేదు, నువ్వు ఆదితాళంలో కూర్చోబెట్టావు. ఆమె పాడిన స్వరం నీకు నచ్చలేదు, పక్క స్వరానికి జరిపావు. విన్నది రాయలేదు, నీకు వచ్చింది రాశావు" అన్నరు. కోపమొచ్చింది. ఆమె అపశ్రుతి పాడితే నేనేం చెయ్యాలె అనుకుంట బస్సెక్కిన. బస్సు దిగే వరకు కోపం మేడం మీది నుంచి పోయి నా మీదికొచ్చింది.

సీటు రాలే. కాని మేడం ఆ సీటు ఎవలకు ఇయ్యలేదు. "మళ్ళీ రా" అన్నరు, అంతే. ఆ రెండు మాటలు అనకుంటే నేను ఇయ్యాల గిట్ల రాసుకుంట కూసునేదాన్ని కాదు. వారం వారం తన ఇంటికి రమ్మని కూసోబెట్టి, ఏం కావాల్నో ఒక్కొక్కటి చెప్పిన్రు. పాడుడొచ్చినంత మాత్రాన సరిపోదు, విన్నది దిద్దకుండ రాయొస్తుండాలె. ముందు ఎవలెవలు ఏం రాసిన్రో చదివి ఉండాలె. అవి ఎక్కువ ఇంగ్లీషుల ఉంటయి, కాబట్టి ఇంగ్లీషు రాదంటే నడువదు. మనుషుల పాట తీసుకుంటే వాళ్ళ అనుమతి తీసుకోవాలె, వాళ్ళు ఎంతవరకు అంటే అంతవరకే. ఈ ఆఖరి మాట అప్పుడు చెవుల పడ్డదో లేదో నాకే సోయి లేదు.

ఇంగ్లీషు వ్యాసాలు మా ఆయన చదివి చెప్పేటోడు. పొద్దుగాల చాయ తాగుకుంట ఒక పేజీ. సంగీతం ముక్క తెల్వదు మనిషికి. "ఈ 'మోడ్' అంటే ఏందే? ఫోన్ల సైలెంట్ మోడ్ ఉంటది, గదా?" అని అడిగేటోడు. నేను నవ్వీ నవ్వీ చెప్తుంటే నాకే సమజయ్యేది. ఆయన అడిగిన పిచ్చి ప్రశ్నలు లేకుంటే సగం నాకు ఎక్కేది కాదు.

ఇగ ప్రశ్న దొరికింది మాత్రం దుకాణంలనే. ఒక తల్లి తన చిన్నబిడ్డకు గాజులు తొడిపియ్య తెచ్చింది. ఆ పిల్లకు ఎర్రగాజులే కావాలె, ఆ సైజుల ఎర్రయి లేవు. ఏడుపు షురూ. తల్లేమో "రాగం తీయకు" అంటాంది, మా అత్తమ్మ కూడ "రాగం తీయకు బిడ్డా, పచ్చయి మంచిగున్నయి" అంటాంది. నేను గాజుల పెట్టె పట్టుకొని అట్లనే నిలవడ్డ. ఆ పిల్ల పైన ఒక కాడ మొదలుపెట్టి, కిందికి జారి, ఒక్క కాడికొచ్చి ఆగుతాంది. ఊపిరి తీసుకొని మళ్ళ పైనుంచి. మళ్ళ అక్కడికే. నేను లోలోపల స్వరాలు పట్టుకుంటున్న. నిజంగనే రాగం తీస్తాంది.

చావు ఇండ్లల్ల మా ఆడోళ్ళు ఏడ్చేది కూడ గిట్లనే. పోయినోళ్ళను పిలుసుకుంట, మాటలు కట్టుకుంట, ఒక దారిల ఏడుస్తరు. దాన్నీ రాగం తీసుడే అంటరు. మా జనం ఏడుపుకు ఈ మాట ఎందుకు పెట్టిన్రు? ఆ ఏడుపుల ఆగే చోట్లు అందరికీ ఒక్కటేనా? ఎవలు నేర్పిన్రు? నాకు తెల్వదు. తెల్వదని గుర్తుపట్టంగనే గాజులు అమ్ముడు ఇడిసిపెట్టి మేడం ఇంటికి ఉరికిన.

మేడం మొత్తం విని, "ఇది ప్రశ్న" అన్నరు. "కానీ ఇంటర్వ్యూలో గాలిలో మాట్లాడితే కుదరదు. నీ చెవితో విన్న ఒక ఉదాహరణ కావాలి. రాసుకుని రా."

ఉదాహరణ ఎక్కడి నుంచి తెస్త? ఎవలింట్ల చావైతదా అని చూసుకుంట కూసోవాల్నా? ఆలోచిస్తేనే నా మీద నాకు అసహ్యమైంది.

ఆ వానకాలం నర్సంపేటల అత్తమ్మ వాళ్ళ అన్న పోయిండు. అందరం పోయినం. అత్తమ్మ అన్న కాళ్ళ కాడ కూలబడి రాగం తీస్తుంటే వాకిట్ల ఉన్నోళ్ళందరు కండ్లు తుడుసుకున్నరు. నా సంచిల ఫోనున్నది. ఒక్కసారి చెయ్యి సంచిలకు పోయింది. ఫోన్ తగిలింది. చెయ్యి ఎనుకకు తీసుకున్న. ఇదేదో నా గొప్పతనం అనుకోవద్దు, సిగ్గయింది అంతే. తర్వాత నేను కూడ ఏడ్చిన, స్వరం లేదు, తాళం లేదు.

దినాలు అయిపోయి, దుకాణం మళ్ళ మామూలుగ నడుస్తున్నప్పుడు మెల్లగ అడిగిన. "అత్తమ్మా, నాకోసం ఒకసారి రాగం తీస్తవా? రికార్డు చేసుకుంట. సదువుకు కావాలె."

అత్తమ్మ నన్ను కిందికి మీదికి చూసింది. "ఏడ్సుడు గూడ నీ పరీక్షకు గావాల్నా?"

ఇగ ఆ రోజు నాతోని మాటల్లేవు. గిన్నెలు మాత్రం మస్తు మాట్లాడినయి. అన్నం గంటె కంచానికి కొట్టిన చప్పుడు పక్క దుకాణం టైలర్ చాచాకు ఇనపడ్డదట. "క్యా హువా బేటీ, పెద్దమ్మకు కోపమొచ్చిందా?" అని అడిగిండు. అవునన్నట్టు తలకాయ ఊపిన.

కొన్ని రోజులకు తనే మొదలుపెట్టింది. గాజులు సైజులవారీగ సదురుకుంట, నా దిక్కు చూడకుండ, "ఇంట్ల తీయరాదు" అన్నది. "దీపం ముట్టిచ్చే ఇల్లు. సావు లేని ఇంట్ల రాగం తీస్తే ఇంటికి తగుల్తది."

"మరి ఏడ అత్తమ్మా?"

"ఖిలాకు పోదాం. గాడ ఇల్లు లేదు, దీపం లేదు. రాజులే పోయిన్రు. ఎవలికి తగుల్తది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మేడం ఇన్ని రోజులు చెప్పిన ఫీల్డ్ వర్క్ నా ఇంట్ల గల్లా మీద కూసొని ఆటో పిలువుమంటాంది.

దుకాణం చాచాకు అప్పజెప్పి ఆటోల ఖిలా వరంగల్ పోయినం. తోరణాల కాడ ఒక జంట పెండ్లికి ముందు ఫోటోలు దిగుతాన్రు. పిల్ల ఎర్ర లంగా గాలిల ఎగిరేస్తాంది, ఫోటోగ్రాఫర్ "మళ్ళ, మళ్ళ" అంటాండు. అత్తమ్మ ఆడనే ఆగిపోయింది. "పెండ్లి కావలసిన పిల్ల. ఆమెకు తగులొద్దు" అని నన్ను దూరంగ, ఇరిగిన రాతి కంబాల అవతలికి నడిపిచ్చింది. అంత దూరం పోయినంక కూడ ఎనుకకు తిరిగి చూసి, ఇంకింత జరిగింది.

రాయి మీద కూసున్నం. ఫోన్ల రికార్డింగ్ పెట్టిన. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వు మొదలుపెట్టింది. "ఉత్తగ ఎట్లొస్తదే? ఎవలనన్న పిలువాలె. పిలుపు లేకుంటే రాగం రాదు."

"మామను పిలువు" అన్న.

నవ్వు ఆగిపోయింది. కొంగు నోటి మీది నుంచి తీసింది. బతికున్నప్పుడు ఆయనను ఒక్కనాడు పేరు పెట్టి పిలువలేదు. "పిల్లల నాయినా" అని మొదలుపెట్టింది.

ఆ తర్వాత మాటలు నేను ఇక్కడ రాస్తలేను. ఎందుకో చెప్త. కాని ఎంతసేపు తీసిందో, ఏం చెప్పుకున్నదో, నేను రాయి మీద కదలకుండ కూసొని విన్న. మామ పోయిన్నాడు కూడ ఆమె ఇంత మాట్లాడలేదు. అప్పుడు ఇంటి నిండ జనం, ఎవలకు చాయ పెట్టాలె, ఎవలకు కబురు పంపాలె అని చూసుకునుట్లనే పోయింది ఆమెకు. ఇప్పుడు తీరింది.

నడుమల ఒక వాచ్‌మెన్ ఉరుక్కుంట వచ్చిండు. "ఏమైందమ్మా? ఏమన్న పోయిందా?"

అత్తమ్మ కండ్లు తుడుసుకుంట, "పోయి మస్తు రోజులైంది బిడ్డా. నువ్వు పో" అన్నది. పాపం, ఆయనకు ఏం సమజ్ కాలే. ఫోన్ల ఆ గొంతు కూడ ఉన్నది.

దారిల చెరుకు రసం తాగినం. ఆటోల అన్నది, "గిది నీ చెవులకే. ఇంకొకలు వినొద్దు. మాట ఇయ్యి." ఇచ్చిన. ఇంటికొచ్చినంక గడప అవతలనే బకెట్ తెప్పిచ్చి కాళ్ళు కడుక్కున్నది, నన్ను గూడ కడుక్కోమన్నది. చావింటి నుంచి వచ్చినట్టే తలకు పోసుకొని, అప్పుడు దీపం ముట్టిచ్చింది.

ఆ రాగాన్ని రాయుడు నా నెత్తి తిన్నది. ఆమె కిందికి జారి ఆగే చోటు రెండు గాంధారాల నడుమ ఉన్నది. నా చేయి ఊకె దాన్ని పైకన్న కిందికన్న జరుపుతాంది. రాసుడు, కొట్టేసుడు. పోయిన ఏడాది కాయితం యాదికొచ్చి, చెవులు మూసుకొని తెరిచి మళ్ళ విన్న. ఆమె తప్పలేదు. ప్రతి ఊపిరికి అక్కడికే వస్తాంది. ఆఖరికి ఆ స్వరం మీద ఒక చిన్న గీత గీసి, ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టిన.

ఇంటర్వ్యూ నాడు మేడంతో పాటు ఇంకిద్దరున్నరు. ఒకాయన బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్. నా కాయితం చూసి, "రికార్డింగ్ ఉందా? వినిపించండి" అన్నరు.

"ఉన్నది సర్. వినిపియ్యలేను."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నరు. "వినకుండా మేము ఎలా నమ్మాలి?"

సీటు ఒక్కటే. మేడం దిక్కు చూసిన. ఆమె కాయితంలకు చూస్తాన్రు, నన్ను చూస్తలేరు. ఒక్కసారి ప్లే నొక్కితే అయిపోతది, అత్తమ్మకు తెల్వనే తెల్వదు. నిజం చెప్పాల్నంటే వేలు ఫోన్ మీదనే ఉన్నది.

"ఆమె నాకు ఒక్కదానికే ఇచ్చింది సర్. స్వరాలు పాడుత. మాటలు, గొంతు మాత్రం ఇయ్యను."

పాడిన. మాటల్లేకుండ, స్వరాలతోని. ఆయన కాయితం మీద వేలు పెట్టి ఎంట వచ్చిండు. నేను గీత గీసిన స్వరం కాడ ఆపిండు. "ఇది పొరపాటు కదా?"

"పొరపాటైతే ఒక్క కాడికే మళ్ళ మళ్ళ రాదు సర్. ఆమె ప్రతిసారి అక్కడికే వచ్చింది." మళ్ళ పాడిచ్చిండు. మళ్ళ అక్కడికే పోయిన. ఇంకోసారి. ఆయన ఏదో రాసుకున్నడు. మేడం ఒక్కటే అడిగిన్రు, "ఆవిడ అనుమతి ఎప్పటికీ ఇవ్వకపోతే?"

"ఉన్నంతల రాస్త మేడం."

"సరే, వెళ్ళు."

ఆ "వెళ్ళు" అన్న తీరుకు సీటు పోయిందనే అనుకున్న. ఇంటికొచ్చి అందర్ని కసురుకున్న, బిడ్డ మీద, మా ఆయన మీద, ఆఖరికి గాజుల మీద. అత్తమ్మను మాత్రం ఏమనలే.

రిజల్ట్ వచ్చిన్నాడు నేను దుకాణంల ఉంటే మా ఆయన ఫోన్ చేసి చెప్పిండు. సీటొచ్చింది. పొద్దుగూకుతాంది, అత్తమ్మ లోపల దీపం ముట్టిచ్చి అప్పుడే వచ్చి గల్లా మీద కూసున్నది. చెప్పిన. ఎర్రగాజులు ఒకటొకటి దారానికి గుచ్చుకుంట, "వినిపిచ్చినవా?" అన్నది.

"లేదు."

"అడగలేదా?"

"అడిగిన్రు. ఇయ్యనన్న."

"సీటు వోతే?"

"పోతే పోనీ అనుకున్న." అబద్ధం. పోతే మంచం పట్టేదాన్ని.

అత్తమ్మ చేతులాగినయి. గిన్నెల చప్పుళ్ళు లేవు, నవ్వులాట లేదు. "అండ్ల నీ గురించి ఒక ముక్క ఉన్నది గద," అన్నది. "గదొక్కటి చెప్పుకో. అందరికి చెప్పు. మిగిల్నది మాత్రం వద్దు."

అందుకని ఈ ఒక్కటి రాస్తాన. నా థీసిస్‌ల కూడ మాటలున్న ముక్క ఇదొక్కటే ఉంటది. నేను మా ఆయనకు తప్ప ఎవలకు చెప్పని ముచ్చట ఆమెకు ఎట్ల తెలిసిందో ఇప్పటికి అడగలే. ఖిలాల, రాళ్ళ మీద కూసొని, మా మామను పిలిచి అత్తమ్మ చెప్పింది:

"పిల్లల నాయినా, నీ కోడలు పాట గురించి నలుగురి ముందట మాట్లాడుతదట. ముందు వరుసల కూసొని ఆఖరిదాంక వినుటానికి నువ్వు లేకపోతివి గదయ్యా."

దుకాణంల, ఆ ముక్క మళ్ళ యాదికొచ్చి నా గొంతు జారింది. పైనుంచి మొదలై, కిందికి. అత్తమ్మ నా చేతుల గాజుల దారం పెట్టి, ఇంకో చేతితోని నా కండ్లు తుడిచింది.

"రాగం తీయకు," అన్నది. "దీపం ముట్టిచ్చిన ఇల్లు."